పాత గుంటూరు కారం మర: ఎనిమిది కిలోలిస్తే ఎంత తిరిగొచ్చింది

పేరు రాస్తానంటే మర యజమాని రెండు చేతులూ అడ్డం పెట్టారు. "పేరొద్దు టీచరు గారూ, రావలసినవాళ్ళు వస్తూనే ఉన్నారుగా" అన్నారు. కనుక గుర్తులే చెబుతాను. కొత్తపేట నుంచి పాత గుంటూరు వైపు పోతుంటే ఒక సందు మొదట్లో కొబ్బరి బోండాల బండి ఉంటుంది. ఆ సందులోకి తిరిగి పది అడుగులు వేయగానే తుమ్ములు మొదలవుతాయి. ఎక్కడ ఎక్కువ తుమ్మొస్తే అదే మర. ఒకప్పుడు బోర్డు ఉండేదట. ఎండకీ, కారం దుమ్ముకీ అక్షరాలు పోయాయి. మళ్ళీ రాయించలేదు.

నేను 31 ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. దిద్దడానికి పేపర్లు లేక ఇప్పుడు ఊరి లెక్కలు దిద్దుతున్నానని మా వారి ఎగతాళి. ఏ మరకి ఎంత ఇచ్చాను, ఎంత తిరిగొచ్చింది అన్నది ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకుంటాను. ఈ రాసేదంతా ఆ నోటుబుక్కు ముందేసుకునే రాస్తున్నాను.

2019 వేసవి నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు నేను వెళ్ళే మర వేరు. ఎనిమిది కిలోల మిరపకాయలు తొడిమలు తీసి, మూడు ఎండలు చూపించి, ఇంట్లో తూచి తీసుకెళ్ళాను. కారం ఇంటికి తెచ్చి తూస్తే ఏడుంబావు. మర్నాడు వెళ్ళి అడిగాను. "తరుగండీ, గాలికి పోద్ది" అన్నాడు ఆ మరాయన. ఎనిమిది కిలోలకి ముప్పావు కిలో అంటే నూటికి తొమ్మిదికి పైనే. అంత కారం నిజంగా గాలిలో కలిస్తే ఆ వీధిలో మనిషన్నవాడు కళ్ళు తెరవగలడా? సరే, అది అలా ఉంచితే, ఆ మరలో కాటాకి సరిగ్గా పైన గోడ మీద నీలం పెయింటుతో బైబిలు వాక్యం రాసి ఉండేది. మేమూ చర్చికి వెళ్ళేవాళ్ళమే. నా వెనక నిలబడ్డ ముస్లిం ఆవిడ ఒకసారి కాటా వైపు చూసింది, ఒకసారి గోడ వైపు చూసింది, ఏమీ అనలేదు. ఏమన్నా అనేస్తే బాగుండుననిపించింది. ఆ తర్వాత నేనా మర గడప తొక్కలేదు. ఒక ఏడాది పాకెట్టు కారం వాడాం. మా ఇంట్లో దాని గురించి మాట్లాడుకోం.

ఈ మర సంగతి నాకు చెప్పింది చర్చివాళ్ళు కాదు, మా పక్కింటి వైశ్యుల కోడలు. "మీవాళ్ళదే ఆంటీ, కానీ మంచిది" అంది. ఆ "కానీ" నాకు గుచ్చుకున్న మాట నిజం. 2021 ఏప్రిల్లో ఎనిమిది కిలోలూ పట్టుకుని వెళ్ళాను.

లోపల రెండు మరలుంటాయి. ఒకటి పిండికి, ఒకటి కారానికీ పసుపుకీ. రెండూ ఎప్పుడూ కలవవు. గోడకి వాక్యాలేమీ లేవు. ఒక చర్చి క్యాలెండరుంది గానీ దాని మీద కరెంటు బిల్లు తేదీలు, జల్లెడ మార్చిన తేదీలు రాసుంటాయి. కాటా పక్కన తూనికలు కొలతల శాఖవాళ్ళు ఏటా ముద్ర వేసిచ్చే కాగితం అద్దంలో పెట్టి తగిలించారు. కాటా కాళ్ళ దగ్గర గొలుసుతో కట్టిన ఐదు కిలోల ఇనప గుండు ఉంటుంది. ఎవరికి అనుమానం వస్తే వాళ్ళు ఆ గుండెత్తి కాటా మీద పెట్టి చూసుకోవచ్చు. నేను పెట్టి చూశాను. ఆయన అటు తిరిగి నిలబడ్డారు. అనుమానించినవాళ్ళు సిగ్గుపడకుండా ఉండటానికి అలా తిరుగుతారని రెండో ఏడాదికి గానీ నాకర్థం కాలేదు.

తూచాక బరువు చీటీ మీద రాసి, అంకె వేసిన అల్యూమినియం బిళ్ళ ఒకటి మనకిచ్చి, అదే అంకె బిళ్ళ మన సంచికి కడతారు. కారం మరంటే చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను: పైన గరాటులో కాయలు పోస్తే లోపల సుత్తులు గిర్రున తిరిగి కొడతాయి, కింద జల్లెడ లోంచి పొడి రాలుతుంది, ఆ గాలి బయటికి పోవడానికి ఒక పొడుగాటి గుడ్డ గొట్టం కట్టుంటుంది. మోటారు తిరుగుతున్నంతసేపూ ఆ గొట్టం ఏనుగు తొండంలా ఉబ్బి నిలబడుతుంది. మన కారంలో మెత్తని పొడంతా ఆ గుడ్డకే అంటుకుంటుంది. చాలా మరల్లో మోటారు ఆగగానే డబ్బా ఎత్తి చేతికిచ్చేస్తారు. గుడ్డకి పట్టింది, సుత్తుల మధ్య ఇరుక్కున్నది లోపలే ఉండిపోతుంది. ముందువాళ్ళది మనకొస్తుంది, మనది వెనకవాళ్ళకి పోతుంది, సరికి సరి అంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. మరి రోజు మొత్తం మీద ఆఖరున మిగిలేది ఎవరిది? ఆ లెక్క ఎవరూ చెప్పరు. సాయంత్రానికి అదే కిలోలకి కిలోలవుతుంది.

ఇక్కడ మోటారు ఆగాకే అసలు పని. గొట్టం వాలిపోయేదాకా ఆగుతారు. బెత్తం పుల్లతో పైనుంచి కిందికి నాలుగుసార్లు తడతారు. మర మూత తీసి, గుర్రపు వెంట్రుకల బ్రష్షులాంటి దానితో సుత్తుల సందులు ఊడుస్తారు. జల్లెడ బయటికి లాగి మన డబ్బా మీదే దులుపుతారు. ఇదంతా ఐదారు నిమిషాల పని. ఎనిమిది మంది వరసలో ఉంటే ముప్పావుగంట ఊడవడానికే పోతుంది. నా వెనకాయన విసుక్కున్నాడు. "మీదీ ఇట్టాగే ఊడుస్తానండీ" అన్నారు ఈయన, అంతే.

ఇంటికొచ్చి తూశాను. ఏడు కిలోల ఎనిమిది వందల అరవై. తరుగు నూట నలభై గ్రాములు, నూటికి ఒకటిముప్పావు.

ఒక్కసారి చూసి నమ్మేస్తే నేను లెక్కల టీచర్నెందుకవుతాను? ఎదురుగా నిలబడి కళ్ళప్పగించి చూస్తుంటే ఎవరైనా ఊడుస్తారు. అందుకని 2022లో పది కిలోలు తూయించి, బిళ్ళ తీసుకుని, బజారు పనుందని చెప్పి వెళ్ళిపోయాను. పనేమీ లేదు. రెండు గంటలు మా చెల్లెలింట్లో కూర్చుని మజ్జిగ తాగి వచ్చాను. తొమ్మిది కిలోల ఎనిమిది వందల ముప్పై వచ్చింది. నూటికి ఒకటీ పాయింటు ఏడు. నేనున్నప్పటికన్నా లేనప్పుడు ఒక వెంట్రుకవాసి మెరుగే. యజమాని ఊరెళ్తూ పనివాళ్ళకి సొమ్ము అప్పజెప్పి పోయిన తలాంతుల కథ నాకు చిన్నప్పటి నుంచీ నోటికొచ్చు, సండే స్కూల్లో పిల్లలకీ చెప్పాను. ఆ కథలో యజమాని వేషం నేనే కట్టి, దొంగచాటుగా పరీక్ష పెట్టి, మార్కులేసి వచ్చానన్న సంగతి ఆటోలో తిరిగొస్తుంటే తట్టింది. కొంచెం చిన్నతనంగానే అనిపించింది. నోటుబుక్కులో అంకె మాత్రం రాసుకున్నాను.

1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన నాటి నుంచీ ఈ ఊళ్ళో ప్రసంగాలకి కొదవ లేదు. మా చర్చిలో ఏటా ఒకసారి గృహనిర్వాహకత్వం మీద కూడా ఉంటుంది. మన దగ్గరున్నదేదీ మనది కాదు, అప్పగించినవాడికి లెక్క చెప్పాలి అని మొదలవుతుంది. ఎటు తిరిగినా చివరికి కానుక కవర్ల దగ్గరికే వచ్చి ఆగుతుంది. నేను ఆక్షేపించడం లేదు, చర్చికీ కరెంటు బిల్లుంటుంది. గుడ్డ గొట్టాన్ని నాలుగుసార్లు తట్టడం కూడా అందులోకే వస్తుందని మాత్రం ఏ ప్రసంగంలోనూ వినలేదు.

2023లో ఆయనకీ నాకూ పేచీ వచ్చింది. ఆ ఏడు ఏప్రిల్లో మబ్బులు పట్టాయి. కాయలు సరిగ్గా ఎండలేదని నాకూ తెలుసు, కానీ మా అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చి ఉంది, వెళ్ళేటప్పుడు కారం పట్టుకెళ్ళాలి. ఆయన సంచిలో చెయ్యి పెట్టి ఒక కాయ తీసి విరిచారు. టక్కుమనలేదు, వంగింది. "ఇంకో ఎండ కావాలి టీచరు గారూ. ఇప్పుడు పట్టిస్తే జల్లెడకి ముద్ద పడుతుంది, కిలోకి కిలో పోతుంది, నెల తిరక్కుండా బూజొస్తుంది" అన్నారు. పోతే పోనివ్వండి, నా కాయలేగా అన్నాను. "మీ కాయలేనండీ. నా చేతిలో పాడవుతాయి గదా" అన్నారు. పట్టలేదు. పది కిలోలకి రావలసిన డబ్బూ వదులుకున్నారు. పక్క సందులో ఇంకో మరుంది, అక్కడైతే మారు మాట్లాడకుండా పట్టేస్తారు. కోపంగా అక్కడిదాకా వెళ్ళి, గుమ్మంలో ఒక క్షణం నిలబడి, ఇంటికొచ్చేశాను. మేడ మీద రెండు ఎండలు పోశాక మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాను. అమ్మాయికి కారం తర్వాత బస్సులో పంపాం. ఇప్పటికీ దెప్పుతుంది.

ఆయన పొరపాటు చేయరని అనుకోవద్దు. అదే ఏడు ఆగస్టులో కూర కారం కోసం ధనియాలు, జీలకర్ర, మెంతులు వేయించి ఇచ్చాను. ఇంటికొచ్చి సీసాలో పోశాక వాసన తేడాగా ఉంది. ఎవరి సాంబారు పొడో. రాత్రి ఎనిమిదింటికి ఆయనే ఫోను చేశారు. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిన హడావిడిలో రెండు బిళ్ళలు తారుమారయ్యాయట. తొమ్మిదింటికి స్కూటరు మీద మా ఇంటి ముందున్నారు. పోనివ్వండి, సాంబారు పొడి మేమూ వాడుకుంటాం అన్నాను. "మీరు సర్దుకుంటారమ్మా. ఆవిడది నేను తీసి మీకిచ్చాను, అది సర్దుకోడానికి నాకు లేదు" అన్నారు. సీసాలో పోసింది ఇద్దరికీ పనికిరాదని, రెండిళ్ళకీ దినుసులు సొంత డబ్బుతో కొని మళ్ళీ పట్టించి ఇచ్చారు. ధనియాలు మా ఇంట్లో వేయించినంత దోరగా వేగలేదు. ఆ మాట ఆయనతో అనలేదు గానీ ఇక్కడ రాస్తున్నాను.

ఇంకో కంప్లయింటు ఆదివారం. మే నెలలో ఆవకాయల వేళ ఊళ్ళో మరలన్నీ తెల్లారుజామునే మొదలుపెట్టి రాత్రిదాకా తిరుగుతాయి. ఈయన ఆదివారం తాళం వేస్తారు. 2024లో మాకు ఆదివారమే కాయ దొరికింది. ముక్కలు కొట్టించి, తుడిచి, గుడ్డ మీద ఆరబెట్టి చూస్తే ఆవపిండి లేదు. ఆయన ఇంటికి ఫోను చేసి, విశ్రాంతి దినాన ఎద్దు బావిలో పడితే పైకి తీయరా అని ప్రభువే అడిగాడు గదండీ అన్నాను. ఆయన పెద్దగా నవ్వారు. "ఆవకాయ ఎద్దు కాదు గదా టీచరు గారూ. మా దగ్గర పనిచేసే కుర్రాడికి వారంలో ఉన్నది ఆ ఒక్క రోజే" అన్నారు. ఆవాలు మిక్సీలో తిప్పుకున్నాం. మిక్సీ వేడికి ఆవపిండి కొంచెం చేదెక్కింది. ఆ ఏటి ఆవకాయ అంతంతమాత్రమే.

అన్నిటికన్నా నా మనసులో నిలిచింది మూలనున్న తగరపు డబ్బా. పిండి మర ఎంత ఊడ్చినా రాళ్ళ మధ్య గుప్పెడు మిగులుతుంది, అది ఎవరిదో తేల్చడం కుదరదు. దాన్ని రోజూ ఈ డబ్బాలో వేస్తారు. బియ్యప్పిండి, గోధుమపిండి, జొన్నపిండి అన్నీ కలిసే ఉంటాయి. శనివారం సాయంత్రం ఆ వీధిలో ఒంటరిగా ఉండే ఇద్దరు ముసలమ్మలు పంచుకుని పట్టుకుపోతారు. నేల మీద రాలిన కారాన్ని కూడా అమ్మరు. ప్రకృతి సేద్యం చేసే రైతొకాయన పురుగులకి కొట్టే అగ్నిఅస్త్రం కషాయంలోకి పనికొస్తుందని ఊరికే ఊడ్చుకుపోతాడు.

ఆ డబ్బా చూసి నేను ఒకసారి మెచ్చుకోలుగా, "మీ దానధర్మాలు బాగున్నాయండీ" అన్నాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు. "అది నాదైతే గదా దానం" అంటూ డబ్బా తిప్పి చూపించారు. వెనకవైపు మేకుతో గీకి రాసుంది: అందరిది. ముసలమ్మలకి కూడా అలాగే చెబుతారట, ఇది నేనిచ్చేది కాదు, మరకొచ్చినవాళ్ళందరూ ఇచ్చేది అని. అంటే అందులో నా పిండీ ఉంది, వైశ్యుల కోడలి పిండీ ఉంది. మాకు తెలియకుండానే మా పేరున పుణ్యం నడుస్తోంది.

మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆమెది డోర్నకల్ పక్క ఊరు. బిషప్ అజరయ్య గారు తమిళదేశం నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయి డోర్నకల్లో ఉన్న రోజుల్లో ఆమె పసిపిల్ల. ఆ పక్క పల్లెల్లో ఆడవాళ్ళు వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేవాళ్ళు. కూలి చేసుకుని బతికే ఇళ్ళు అవి. మా అమ్మమ్మ చివరిదాకా ఆ పిడికెడు మానలేదు. ఇంట్లో ఎంత కటకటగా ఉన్నా ఆ కుండలో చెయ్యి పెట్టనిచ్చేది కాదు. ఒకసారి వానాకాలంలో రెండు పూటలు పస్తుండి కూడా దాని జోలికి పోలేదని మా అమ్మ చెప్పేది, కొంచెం కోపంగానే చెప్పేది. ఆకలితో ఉన్న పిల్లల కన్నా కుండ ఎక్కువా అని మా అమ్మ వాదన. ఎవరిది ఒప్పో నేనిప్పటికీ తేల్చుకోలేదు. అమ్మమ్మ దృష్టిలో మాత్రం కుండలో పడిన క్షణం నుంచీ ఆ బియ్యం ఆమెవి కావు.

ఇది చెప్పుకోడానికి కొంచెం ఇబ్బందిగా ఉంది గానీ, రాయడానికి కూర్చున్నాను గనుక రాసేస్తాను. నేను మా స్త్రీల సమాజానికి ఆరేళ్ళ నుంచీ కోశాధికారిని. చందా డబ్బులు నా హ్యాండుబ్యాగులోనే, మా ఇంటి డబ్బుల్లోనే ఉండేవి. పైసా ఎప్పుడూ పోలేదు, నెలాఖరున లెక్క చూసి పక్కన పెట్టేదాన్ని. మధ్యలో కూరగాయలకి అందులోంచే తీసేదాన్ని, మళ్ళీ వేసేదాన్ని. అది తప్పని నాకెన్నడూ తోచలేదు, ఎందుకంటే లెక్క సరిపోయేది. రెండు మరలూ ఎప్పుడూ కలవనివ్వని ఆయన్ని నాలుగేళ్ళు చూశాక ఒక మూత డబ్బా కొన్నాను. దాని మీద ఏమీ రాయలేదు.

ఇక వెళ్ళేవాళ్ళ కోసం. ధరలు పలక మీద సుద్దతో రాసుంటాయి: కారం కిలో 30, పసుపు 40, పిండి 8. పక్క సందు మరతో పోలిస్తే కారానికి ఐదు రూపాయలు ఎక్కువ. నా 2019 నాటి మరతో పోలిస్తే నూరు గ్రాములకి ఏడు గ్రాముల పైనే తక్కువ పోతోంది, ఆ లెక్కన ఈ ఐదు గిట్టుతుందో లేదో మీరే లెక్కేసుకోండి, మిరపకాయల ధర మీకు తెలుసుగా. ఈసారి పెంచేముందు నెల రోజులు పలక మీద "వచ్చే నెల నుంచి" అని రాసిపెట్టారు. నగదైనా, ఫోన్‌పే అయినా తీసుకుంటారు. పొద్దున ఏడున్నరకి తెరుస్తారు. పసుపు మంగళవారం మాత్రమే, ఆ రోజు కారం పట్టరు. ఆస్తమా ఉన్నవాళ్ళు, పసిపిల్లలున్నవాళ్ళు సంచి ఇచ్చి వెళ్ళిపోండి. కూర్చోడానికి ఒకటే స్టూలుంది, అది కూడా కుంటిది, ఫ్యాను లేదు. ఫ్యాను పెడితే కారం ఎగురుతుందంటారు, నిజమే అనుకోండి, కానీ మే నెలలో గంటసేపు నిలబడ్డ మోకాళ్ళకి ఆ నిజం ఎక్కదు. ఇంకో రెండు స్టూళ్ళు వేయించమని మూడేళ్ళుగా చెబుతున్నాను. ఏ కాయ కొనాలని అడిగితే చెబుతారు. తేజ రకం ఒక్కటే వేస్తే నోరు మండుతుంది గానీ కూరకి రంగు రాదు, 334 రకం కాయకి కాస్త బ్యాడిగి కాయ కలపండి అంటారు. మిర్చి యార్డులో ఫలానా కొట్టుకి వెళ్ళమని మాత్రం ఎవరికీ చెప్పరు.

ఐదు చుక్కల్లో నాలుగు. ఆ ఒకటీ స్టూళ్ళు వచ్చాక.

ఈ ఏడు వెళ్ళేసరికి కారం మర దగ్గర ఆయన కొడుకున్నాడు. డిగ్రీ అయిపోయిందట, ఉద్యోగం దొరికేదాకా ఇక్కడే అన్నాడు, చెవుల్లో పాటలు. ఆయన కాటా దగ్గర చీటీలు రాస్తున్నారు, ఇటు చూడటం లేదు. నా పది కిలోలూ అయ్యాయి, మోటారు ఆగింది, గొట్టం వాలింది. నేను నోటుబుక్కు మూసేసి చూస్తున్నాను. కుర్రాడు బెత్తం పుల్లతో మూడుసార్లు తట్టి పుల్ల పక్కన పెట్టాడు. డబ్బా మీద చెయ్యి వేశాడు. ఏమనుకున్నాడో, మళ్ళీ పుల్ల తీసుకుని, ఇంకొక్కటి తట్టాడు.